సుద్దగీత చప్పుడు

మార్చి పదకొండు, గురువారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నవి నాలుగు మెత్తటి రొట్టెలు, అంచులు కాస్త మాడేలా వేయించిన బంగాళాదుంప ముక్కలు. మీద మిరియాలపొడి, వెల్లుల్లి. డబ్బా మూత తీయగానే అలవాటుగా కళ్ళు మూసుకున్నాను. మా ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది. అయినా ఆ వాసన తగిలితే చాలు, ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ నా కుర్చీ వెనక నిలబడి, "ఎలా కుదిరింది?" అని అడుగుతున్నట్టే ఉండేది.

డబ్బా పంపేది మా మరదలు, అంటే మా ఆవిడ చెల్లెలు. ఒకే తల్లి దగ్గర వంట నేర్చుకున్న అక్కచెల్లెళ్ళు, చేతి రుచి ఒకటి కాక ఎక్కడికి పోతుంది? ఆ డబ్బా తెచ్చి ఇచ్చేది ఆమె భర్త, నా తోడల్లుడు. ఇద్దరం ఒకే గదిలో, ఒకే బల్లకి అటొకరం ఇటొకరం కూచుని ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాం.

తేదీ గుర్తుండిపోవడానికి కారణం ఉంది. ఆ డబ్బా కడిగి పక్కన పెట్టిన పావుగంటకి మేనేజరమ్మ నన్ను తన గదికి పిలిచింది. నా తోడల్లుడి చెవి పోయిందేమో కనిపెట్టి చెప్పమంది.

మాది పింగాణీ ఫ్యాక్టరీ. బట్టీలోంచి దిగిన పళ్ళెంలో కంటికి కనపడని బీట ఉండొచ్చు. దాన్ని చెవితో పట్టుకోవడమే మా పని. పళ్ళేన్ని ఎడమచేతి మూడు వేళ్ళ మీద నిలబెట్టి, చిన్న కొయ్యసుత్తితో అంచు మీద తడతాం. మంచిదయితే ఖంగుమని మోగుతుంది, ఆ మోత కాసేపు గాలిలో నిలుస్తుంది. బీట ఉంటే బొంగురుగా పలికి అక్కడే చచ్చిపోతుంది. గోడలకి గోనెపట్టాలు కొట్టిన మా గదిని ఫ్యాక్టరీలో అందరూ చెవుల గది అంటారు. తోపుడు బళ్ళ మీద వచ్చిన పళ్ళాల్లో సగం నేను, సగం అతను మొదట కొడతాం. బాగున్నవాటి అడుగున నేను నీలం సుద్దతో సున్నా చుడతాను. అతను తోక ఉన్న గీత గీస్తాడు. తర్వాత ఆ బళ్ళు చేతులు మారతాయి. అతనివి నేను, నావి అతను రెండోసారి కొట్టి చూస్తాం. రెండోసారి బొంగురు పలికినవి వెనక అరలోకి పోతాయి. నెలాఖరున వాటిని పొడిచేసి మళ్ళీ మట్టిలో కలిపేస్తారు.

"ఒక హాస్టల్ వంటశాల నుంచి ఫిర్యాదు వచ్చింది మాస్టారూ," అంది మేనేజరమ్మ. కాలేజీ మెట్లెక్కినవాణ్ణని ఫ్యాక్టరీలో నాకు ఆ పేరు స్థిరపడిపోయింది. "వేడివేడి పులుసు పోయగానే మూడు పళ్ళాలు రెండుగా విడిపోయాయట. ఆ బండి మొదట ఆయన కొట్టిందే."

"రెండోసారి నేనూ కొట్టుంటానమ్మా."

"మీరు కొట్టారు. కానీ మొదట ఆయన బాగుందంటే మీరు కూడా ఆ నమ్మకంతో వదిలేసి ఉంటారు. ఆయన పేరు అలాంటిది. యాభై ఏడేళ్ళు. చెవి మందగించి ఉండొచ్చు. రెండు వారాలు గమనించండి. ఆయన గీత గీసినవాటిలో మీకు ఎన్ని బొంగురు పలికాయో ఏరోజుకారోజు రాయండి. మీ బంధువని తెలుసు. మీరు అబద్ధం రాయరని కూడా తెలుసు."

తేలితే ఏం చేస్తారని అడిగాను. ప్యాకింగ్ షెడ్డుకి పంపుతామంది. అక్కడ గడ్డి, అట్టపెట్టెలు, మేకులు. చెవితో పని ఉండదు.

నేను బాధపడుతున్నట్టు మొహం పెట్టాను. నిజానికి మెట్లు దిగుతుంటే నా కాళ్ళు తేలిగ్గా పడ్డాయి.

ఆ తేలికతనం గురించి చెప్పాలి. నాకు డిగ్రీ ఉంది, అందులో ధ్వని గురించి ఒక పుస్తకం మొత్తం చదివాను. అతను తొమ్మిదో తరగతితో ఆపేశాడు. అయినా బంగారు చెవి అనే పేరు అతనిది. ఎవరన్నా పెద్దవాళ్ళు ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తే అతని వెనకే నిలబడేవారు. కళ్ళకి గుడ్డ కట్టుకుని ఏ పళ్ళెం ఏ బట్టీలో కాలిందో చెప్పేవాడు. వాళ్ళు చప్పట్లు కొట్టేవారు. పక్కనే ఉన్న నన్ను చూసి, "మీరు కూడా ఇదే పనా?" అని మర్యాదకి అడిగేవారు.

మా ఆవిడ కూడా అంతే. "మరిది చెవి పెడితే గోడ కూడా నిజం ఒప్పుకుంటుంది," అనేది. నా ముందే అనేది. నేను నవ్వేవాణ్ణి.

ఇవన్నీ మింగగలిగాను. మింగలేనిది ఇంకొకటి ఉంది. నాలుగేళ్ళ క్రితం ఒక సాయంత్రం నలుగురం వాళ్ళింటి మెట్ల మీద కూచుని ఏవో కబుర్లాడుతున్నాం. మా ఆవిడ దేనికో విరగబడి నవ్వి, రెండు దగ్గులు దగ్గింది. అతను చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

"వదినా, ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చండి."

"నేనేమన్నా పళ్ళెమా మరిదీ? సుత్తి కూడా తెచ్చుకో," అందావిడ, ఇంకా నవ్వుతూనే.

మేం బయల్దేరేటప్పుడు అతను గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నయ్యా, వదిన ఊపిరిలో ఏదో జీర ఉంది. డాక్టరుకి చూపించండి."

"నీ చెవి ఫ్యాక్టరీలో వదిలేసి వస్తే మంచిది తమ్ముడూ," అన్నాను.

ఆ తర్వాత రెండు నెలలు, ఆవిడ పక్కన పడుకుని, ఆ ఊపిరి విన్నాను. అలసిపోయి నిద్రపోతున్న ఆరోగ్యమైన మనిషి ఊపిరి అది. అందులో జీర లేదు. నేను ఒట్టేసి చెప్పగలను. రెండు నెలల తర్వాత ఆసుపత్రిలో డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అని మాత్రం అడిగాడు. ముందే తెచ్చుంటే అన్న మాట ఆయన అనలేదు. ఆయన పేరు మర్చిపోయాను గానీ, అనకుండా ఊరుకున్న ఆ మాటకి ఇప్పటికీ ఆయనకి రుణపడి ఉన్నాను.

నా భార్య ఊపిరి నాకు వినపడలేదు, అతనికి వినపడింది. అతని భార్య బతికే ఉంది. రోజూ ఆ చేతి వంట వేడిగా తింటున్నాడు. నాకు చల్లారిన డబ్బా తెస్తున్నాడు. అతను నవ్వుతూ డబ్బా నా ముందు పెట్టిన ప్రతిసారీ నాకు ఇదంతా గుర్తొచ్చేది. అతనికి తెలియదు.

మర్నాటి నుంచి కాగితం రాయడం మొదలుపెట్టాను. మొదటి రోజు అతను గీత గీసినవాటిలో తొమ్మిది బొంగురు పలికాయి. అంతకు ముందయితే రోజుకి రెండు మూడు మించేవి కావు. ఇన్నాళ్ళూ నా చెవి కూడా మొహమాటపడిందా అని ఆశ్చర్యపోయాను. రెండో రోజు పద్నాలుగు. నాలుగో రోజు ఇరవై మూడు. సుత్తి తగలగానే మోత మొదలవుతుంది, మధ్యలో ఎక్కడో సన్నగా తెగిపోతుంది. స్పష్టంగా వినపడేది. ఒక్కటి కూడా అబద్ధం రాయలేదు. ఇంకా గట్టి నమ్మకంతో రాయాలని మూడేసి సార్లు కొట్టి విన్నాను. మూడుసార్లూ తెగేది.

అతను చిటికెనవేలు చెవిలో పెట్టి తిప్పుకుంటే, వినపడక అలా చేస్తున్నాడనుకున్నాను. నేను ఏదన్నా అడిగితే "ఆఁ?" అన్నాడంటే, అది కూడా కాగితం మూల రాశాను. క్యాంటీన్‌లో బట్టీ మేస్త్రి, అతను కలిసి నవ్వితే, ఆ నవ్వులో నా పేరు ఉన్నట్టే ఉండేది.

"ఏంటన్నయ్యా, వెనక అర నిండిపోతోంది?" అన్నాడు ఒకరోజు.

"బట్టీలో ఏదో తేడా ఉన్నట్టుంది," అన్నాను.

అతను తల ఊపి ఇంకో పళ్ళెం అందుకున్నాడు. నా బళ్ళలో అతను కాదన్నవి రోజుకి ఒకటో రెండో. అవి కూడా అరలో పెట్టేముందు, "అన్నయ్యా, ఒకసారి వినండి, నాకు అనుమానంగా ఉంది," అని నా చెవి దగ్గర కొట్టి చూపించేవాడు. ఇరవై రెండేళ్ళుగా అది అతని పద్ధతి. నేను దాన్ని గొప్పలు పోవడం అనుకునేవాణ్ణి.

మొదటి వారం కాగితం ఇచ్చాను. మేనేజరమ్మ చూసి పెదవి విరిచింది. ఇంకో వారం చూసి, సోమవారం నుంచి మార్చేద్దామంది. ఉత్తరం కూడా టైపు చేయించి పెట్టింది.

రెండో వారం బుధవారం అతను పనికి అరపూట సెలవు పెట్టాడు. పళ్ళు పీకించుకోవాలట. డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. తిరిగి ఇచ్చేద్దామని సాయంత్రం ఆరింటికి వాళ్ళింటికి వెళ్ళాను. ముందు తలుపు వేసి ఉంటే, పెరటివైపు వెళ్ళాను. వంటింటి కిటికీ తీసే ఉంది.

మరదలు స్టూలు మీద కూచుని, కుడి మణికట్టుకి బట్ట చుట్టుకుని, ఎడమచేత్తో పేపరు పట్టుకుని చదివి వినిపిస్తోంది. నా తోడల్లుడు, ఒక బుగ్గ వాచిపోయి, పొయ్యి ముందు నిలబడి బంగాళాదుంపలు కోస్తున్నాడు. ముక్కలన్నీ ఒకే మందం. కోసి, నూనెలో వేసి, మూకుడు మీద చెవి వంచాడు. మంట తగ్గించాడు.

"మాడిపోతోంది చూడండి," అంది మరదలు.

"మాడాలి. మీ బావకి అంచులు మాడితేనే ఇష్టం."

నేను తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఇద్దరూ దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాళ్ళలా చూశారు.

"రండి బావా," అంది మరదలు పేపరు మడుస్తూ. "ఇవాళ ఈయన సెలవు కదా, సరదాపడి..."

"ఇవాళ కాదు," అన్నాడతను, వాచిన బుగ్గతో. "ఇంక దాచడం ఎందుకే. అన్నయ్యా, దీని మణికట్టు పడిపోయి మూడేళ్ళు దాటింది. కుట్టుమిషను తిప్పగా మిగిలిన బలం గరిటెకి రాదు. వంట నాదే."

"డబ్బా?"

"డబ్బా కూడా నాదే."

నేను కుర్చీ లాక్కుని కూచున్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. "మా ఆవిడ నేర్పిందా నీకు?"

"వదినా? లేదన్నయ్యా. క్యాంటీన్ వంటాయన నేర్పాడు. అసలు వదిన బంగాళాదుంపలు ఇలా చేసేదే కాదు. ఉడకబెట్టి చేసేది. వెల్లుల్లి అంటే ఆవిడకి గిట్టేది కూడా కాదు."

అది నిజం. అతను చెప్పిన తర్వాత నాకు గుర్తొచ్చింది. వెల్లుల్లి ఒలిస్తే చేతులు వాసనొస్తాయని ఆవిడ మూడుసార్లు సబ్బుతో కడుక్కునేది.

"మొదటి వారమే చెబుదామనుకున్నాం బావా," అంది మరదలు. "ఈలోగా మీరు డబ్బాలో చిట్టీ పెట్టి పంపారు. అచ్చం మీ అక్క చేతి వంటే, ఆకలి తీరినట్టయింది అని. అది చదివి ఇంక ఎలా చెప్తాం? ఈయనకయితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు."

వడ్డించారు. ఆ ముక్కలే, ఆ మిరియాలే. వేడిగా, నిజం చెప్పాలంటే డబ్బాలో కన్నా బాగున్నాయి. కానీ ఎంత నమిలినా మా ఆవిడ రాలేదు. నా నాలుక మీద ఒక తోడల్లుడు వండిన బంగాళాదుంపలు మాత్రం ఉన్నాయి. మూడేళ్ళు నేను కళ్ళు మూసుకుని ఎవరిని తిన్నాను?

మొదట వచ్చింది సిగ్గు కాదు, కోపం. ఆ రుచి కూడా అతనే పట్టుకుపోయాడని. ఇంటికి నడుస్తుండగా మెల్లగా ఇంకో అనుమానం పట్టుకుంది. నాలుక ఇంత పని చేయగలిగితే, చెవి మాటేమిటి?

మర్నాడు మధ్యాహ్నం బట్టీ మేస్త్రిని చెవుల గదికి పిలిచాను. లావుపాటి మనిషి, నోటికి అడ్డూ ఆపూ ఉండదు. వెనక అరలో నేను తీసి పెట్టినవాటిలో నలభై తీసి, సుద్ద తుడిచేసి, పెన్సిలుతో నంబర్లు వేసి, కొన్ని వేరే పళ్ళాలు కలిపి ఇమ్మన్నాను. ఏది ఏదో నాకు తెలియకూడదు. లెక్క తన దగ్గర ఉంచుకోవాలి.

"పరీక్షలు రాసే వయసా మాస్టారూ ఇది," అన్నాడు. "ఫెయిలయితే ఎవరికి చెప్పాలి?"

"నాకు చెప్పు చాలు."

గోడ వైపు తిరిగి కూచున్నాను. మేస్త్రి వెనక ఏవేవో సర్దాడు. తర్వాత ఒక్కొక్కటి కొట్టాను. కొట్టి, బాగుందనో బొంగురనో చెప్పాను. అతను రాసుకున్నాడు. గంట పట్టింది. చివర్లో ఒక పన్నెండు పళ్ళాలకి మాత్రం సుద్ద తుడవలేదు. తోక ఉన్న గీత కనపడింది.

"ఇవి తుడవలేదే?"

"బద్ధకం వేసింది. కొట్టండి."

కొట్టాను. పన్నెండులో అయిదు బొంగురు.

మేస్త్రి కాగితం నా ముందు పెట్టాడు. నవ్వడం మానేశాడు. బీట ఉందని నేను తీసి పెట్టిన నలభైలో, ఈసారి ముప్పై మూడు ఖంగుమని మోగాయని నా నోటితో నేనే చెప్పాను.

"ఈ పన్నెండు?" అన్నాను.

"ఇవి మీవే మాస్టారూ. పొద్దున మీరు సున్నా చుట్టినవి. సున్నా తుడిచేసి, నేనే ఆయన గీత గీశాను. ఊరికే ఆటపట్టిద్దామని."

అయిదూ పక్కకి తీసి మళ్ళీ కొట్టాను. ఇప్పుడు మోగాయి. చక్కగా, గాలిలో చాలాసేపు నిలిచి మోగాయి. ఇన్నేళ్ళలో నేను విన్న చప్పుళ్ళలో నన్ను అంత భయపెట్టింది ఇంకొకటి లేదు.

"నేను పళ్ళేన్ని వినడం లేదు," అన్నాను. "సుద్దని వింటున్నాను."

"అందరం అంతే లెండి," అన్నాడు మేస్త్రి, తలుపు దగ్గర ఆగి. "నా పెళ్ళాం పిలిస్తే తిట్టినట్టే వినపడుతుంది. అన్నానికి పిలిచినా సరే." తలుపు తీస్తూ, "నేనెవరికీ చెప్పను," అన్నాడు. ఆ మనిషి నోటికి అది ఎంత పెద్ద మాటో నాకు తెలుసు.

మేస్త్రి చెప్పడు. నేను చెప్పకపోతే సోమవారం అతను షెడ్డుకి పోతాడు. చెవుల గది నాదవుతుంది. చూడ్డానికి వచ్చేవాళ్ళు నా వెనక నిలబడతారు. ఇవన్నీ నేను ఆ రాత్రి అనుకోలేదంటే అది అబద్ధం. శుక్రవారం మధ్యాహ్నం దాకా అనుకుంటూనే ఉన్నాను. ఆ పూట అతను ఎప్పటిలాగే డబ్బా నా ముందు పెట్టి, ఇంక దాచేదేమీ లేదు కదా అని, "ఉప్పు సరిపోయిందా అన్నయ్యా? బుగ్గ వాపుతో రుచి తెలియలేదు," అన్నాడు. సరిపోయిందన్నాను. నిజంగానే సరిపోయింది. తిని, లేచి, మేనేజరమ్మ గదికి వెళ్ళాను.

"నేనిచ్చిన కాగితం చెల్లదమ్మా," అన్నాను.

"అంటే? మీకు వినపడకుండానే రాశారా?"

"వినపడింది. వినపడినవే రాశాను. కానీ ఆ చప్పుడు పళ్ళెంలో లేదు." మేస్త్రి కాగితం చూపించాను.

ఆవిడ రెండుసార్లు చదివింది. "ఎందుకిలా?"

"ఆయన చెవి పోయిందని మీరన్నారు. పోతే బాగుండునని నాకు ముందునుంచే ఉంది. ఆయనంటే నాకు అసూయ."

ఆవిడ నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది. తలెత్తి నన్ను చూడకుండా, కిటికీలోంచి బట్టీ పొగని చూసింది. ఆ చూడకపోవడం నా మీద దయే అనుకున్నాను.

"ఆ మూడు పళ్ళాలు ఎందుకు విడిపోయాయో మళ్ళీ మొదటి నుంచి చూడాలి," అంది చివరికి. "ఇకమీదట ఒకరి గుర్తు ఇంకొకరికి కనపడకుండా చేద్దాం. ఆ ఉత్తరం చింపేస్తాను."

"చింపొద్దు. పేరు మార్చండి. షెడ్డుకి నేను వెళతాను. గుర్తు లేకపోయినా, బల్లకి అవతల కూచున్నది ఎవరో నాకు తెలుసు కదమ్మా."

ఆవిడ వద్దనలేదు.

సాయంత్రం ఏడింటికి వాళ్ళింటికి వెళ్ళాను. మేనేజరమ్మ నోటి నుంచి కాకుండా నా నోటి నుంచే వినాలనిపించింది. ఒకప్పుడు నలుగురం కూచునే ముందుగదిలో ముగ్గురం కూచున్నాం. ముందుమాట ఏదీ లేకుండా మొత్తం చెప్పాను. కాగితం, దాని మీది లెక్కలు, టైపు చేసిన ఉత్తరం, అన్నీ.

మరదలు ముందు తేరుకుంది. "ఈయన డబ్బా తింటూనే రాశారా బావా?"

"అవునమ్మా."

"నువ్వుండు," అన్నాడు అతను భార్యతో. నా వైపు తిరిగాడు. "రోజుకి అన్నేసి తీశారు. ఒక్కటన్నా నాకు వినిపించలేదేం? నేను మీవి తీసేముందు మిమ్మల్ని పిలిచేవాణ్ణి కదా."

"నువ్వు విని, బాగానే ఉందంటావని."

"బాగుంటే బాగుందనే అంటాను." గొంతు పెంచలేదు. "నా మీద అసూయపడేంత ఏముందన్నయ్యా? నిన్న పీకించుకున్న రెండు పళ్ళు చూసా?"

"మొన్న," అంది మరదలు.

"మొన్న. ఏం చూసి?"

అప్పుడు ఆ మాట కూడా చెప్పాను. నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పనిది. "మా ఆవిడ ఊపిరిలో జీర నువ్వు విన్నావు. పక్కన పడుకున్న నేను వినలేదు. రెండు నెలలు చెవి పెట్టి విన్నాను తమ్ముడూ. బాగానే ఉందని వినపడింది."

అతను అరచేతులు చూసుకున్నాడు.

"మా అమ్మ అలాగే పోయింది," అన్నాడు. "ఊపిరితిత్తులే. నాకప్పుడు పంతొమ్మిది. ఆ తర్వాత నాకు ఎవరు దగ్గినా అదే వినపడేది. వదిన ఊపిరిలో విన్న వారమే దీని ఊపిరిలోనూ విన్నాను. డాక్టరు దగ్గరికి రెండుసార్లు లాక్కెళ్ళాను. ఏమీ లేదు పొమ్మన్నాడు."

"మూడుసార్లు," అంది మరదలు. "మూడోసారి ఈయన్నే పరీక్ష చేయించుకోమన్నాడు."

"మీ ఊపిరిలో కూడా విన్నానన్నయ్యా. మీకు చెబితే తిడతారని ఊరుకున్నా. మేస్త్రి ఊపిరిలో విన్నాను. పాలవాడి ఊపిరిలో విన్నాను. ఇంతమందిలో ఒక్క వదినదే నిజమయింది. నాకేం బంగారు చెవి లేదు. ఉన్నది భయం."

"మరి ఒక్కసారి కూడా చెప్పలేదే."

"ఏమని చెప్పను? వదిన పోయాక అందరూ నా చెవి గురించి గొప్పగా మాట్లాడుతుంటే, కాదు, అది గుడ్డిగా తగిలిందని చెప్పి, మీ బాధలో ఇంకో పుల్ల పెట్టనా?"

నాలుగేళ్ళు నేను కుళ్ళుకున్నది లేనిదాని మీద. అది తెలిశాక లోపల ఖాళీ అవుతుందనుకున్నాను. కాలేదు. ఒక మూల ఇంకా మెలిపెడుతూనే ఉంది. అతను తప్పుగా విన్నాడు, అయినా భార్యని మూడుసార్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను సరిగ్గా విన్నాననుకుని అటు తిరిగి పడుకున్నాను. అతని భార్య ఇప్పుడు అతని పక్కన, మణికట్టుకి బట్ట చుట్టుకుని, అతని మాటలు సరిదిద్దుతూ కూచుని ఉంది.

"నువ్వు నన్ను తిట్టు," అన్నాను.

"తిట్టను. ఇవాళ చేతకాదు." లేచాడు. "కానీ నాకు బాగా లేదన్నయ్యా. ఈ రెండు వారాలు మీ ఎదురుగా కూచుని, నా చెవే పోతోందేమోనని రోజూ ఇంటికొచ్చి గ్లాసులు కొట్టి చూసుకున్నాను. దీన్నడగండి."

మరదలు వంటింటి వైపు చూసింది, అంతే.

నేను చెప్పులు వేసుకుంటుంటే అతను తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"సోమవారం నుంచి షెడ్డులో అన్నమాట."

"అవును."

"అక్కడ గడ్డి దుమ్ము ఎక్కువ. ముక్కుకి గుడ్డ కట్టుకోండి."

మళ్ళీ ఎప్పుడొస్తారని అడగలేదు. ఇన్నేళ్ళలో అడగకుండా ఉండటం అదే మొదటిసారి. వాళ్ళ మెట్లలో రెండోది వదులుగా ఉంటుంది. నేను దాన్ని దాటి, గేటు దాకా వెళ్ళేవరకు అతను లైటు వేసే ఉంచాడు. గేటు గడియ పెట్టి వెనక్కి చూశాను. అతను నా వైపు చూడలేదు. లోపలికి అడుగువేసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, ఆ పూటకి మూసుకున్నాడు.